రెండో సాక్షి

"కరెంటు పోయినా మా ఆవిడ చీకట్లోనే సూదిలో దారం ఎక్కించేది. ఇది మీ కంప్యూటర్ ఎందుకు నమ్మట్లేదమ్మా?"

ముసలి దర్జీ నెట్‌లో తను రాసింది చూపించడానికి ఫోను తీసి బల్లమీద పెట్టాడు. నెట్‌లో జనం రాసినవి చదివి కంప్యూటర్ నేర్చుకున్న సంగతుల్లో తప్పొప్పులు చూడటం ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఉద్యోగం.

"ఇద్దరు వేరువేరుగా రాస్తేనే నమ్ముతుంది, బాబాయ్."

"పదిసార్లు రాశానే!"

"పదిసార్లయినా రాసింది మీరొక్కరే కదా. ఇంకెవరూ చూళ్ళేదా?"

"గదిలో ఉండేది మేమిద్దరమే. నేను కాక రెండో మనిషంటే ఆవిడే. ఆవిడ పోయి మూడేళ్ళయింది."

ఆ అమ్మాయి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "పోనీ, నేను రాయనా?"

"నువ్వు చూళ్ళేదుగా తల్లీ. తన కోసం దొంగసాక్ష్యం చెప్పించానని తెలిస్తే ఆవిడ నా చెవి మెలేసేది."

దర్జీ తెరవైపు వేలు చూపించాడు. "అయితే నేను రాసింది కొట్టేస్తుందా?"

"లేదు. రెండో సాక్షి వచ్చేదాకా పక్కన పెట్టుకుని ఎదురుచూస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళైనా."

ఆయన ఫోను జేబులో వేసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఆవిడ ఇక రాదని దానికి చెప్పకమ్మా. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే ఎదురుచూస్తూ ఉన్నాను."