గోధుమ కలలో ఎవరు?

ఊళ్లో కుక్కలన్నిటికీ కలల పట్టీలు వచ్చేశాయి. మెడకి కడితే చాలు, నిద్రలో వాటికొచ్చే కల గోడ మీద కనిపిస్తుంది. పన్నెండో అంతస్తులో ఒంటరిగా ఉండే వకుళ, సాయంత్రాలు బట్టలు మడతపెడుతూ తన కుక్క గోధుమ కలలు చూసేది. దాన్ని కిందటేడు జంతువుల ఆశ్రయం నుంచి తెచ్చుకుంది.

కలలో ఎప్పుడూ ఎవరో పెద్దావిడే. వెన్నెలలాంటి వెలుగులో బిస్కెట్ తుంచి పెడుతుండేది. వకుళ ఒక్కసారీ కనబడలేదు.

ఒకరోజు ఆవిడ వెనక పక్కవీధి నీళ్ల ట్యాంకు కనిపించింది. వెళితే గోధుమ అక్కడే ఉండిపోతుందేమోనని వకుళ వారం రోజులు తటపటాయించింది. చివరికి గోధుమని వెంటబెట్టుకుని, అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసింది కలలోని పెద్దావిడే. పేరు ఇందుమతి. చక్రాల కుర్చీలో ఉన్నారు. గోధుమ పరుగున వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది.

"కాలు విరిగాక వీణ్ణి తిప్పలేక ఇచ్చేశానమ్మా. నన్ను మరిచిపోయుంటాడనుకున్నా."

"రోజూ కలలో మీరేనండీ," అంది వకుళ. "మీ దగ్గరే ఉంచుకోండి."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వాడికి నడక కావాలి. రోజూ తిప్పుకుంటూ ఇటు తీసుకురా. నాకూ మాట్లాడే మనిషి కావాలి."

వకుళ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, టీ పెడతానంటూ వంటిల్లు ఎటువైపో అడిగింది.