నాలుగు వేళ్ల మడత

"ఏంది మల్లేశం, మల్ల వచ్చినవా?"

స్టోరు కిటికీ అవతల మల్లేశం కోటు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చంద్రపూర్ ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే భట్టీ దగ్గర పనిచేసే పర్మినెంటు మనిషి. మంట అంటని ఆ కోటు లేకపోతే భట్టీ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు, ఒళ్లు కాలడానికి.

"మార్చియ్యి ఆశన్నా. రవ్వలు పడి తూట్లు పడ్డయి."

ఆశన్న నిట్టూర్చాడు. పదహారేళ్లుగా ఇదే నౌకరీ. పాత కోటు తీసుకోవాలి, చిల్లులు చూడాలి, కొత్తది ఇవ్వాలి. కళ్లు పోయాయి, నడుము పోయింది, చిల్లులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

కోటు బల్ల మీద పరిచాడు. భుజం మీద మూడు చిల్లులు. వేలు పెడితే దూరింది. కాలరుకు పసుపు మరక. రెండు చేతులూ నాలుగు వేళ్ల మేర లోపలికి మడిచి కుట్టి ఉన్నాయి.

"నీ చేతులేమన్న కురచ అయినయా?"

"పనికి అడ్డమొస్తయని కుట్టిచ్చిన."

"ఏడాదికి ఒక్కటే. నీకిది మూడోది. పోయినసారి పోగొట్టుకున్ననన్నవు. బజార్ల అమ్ముకుంటున్నవా ఏంది?"

మల్లేశం ముఖం మాడ్చుకున్నాడు. "అమ్ముకుంటే పాతది ఎట్ల తెస్తనే? షిఫ్టుకు టైమైతుంది. గీ తూట్ల కోటుతోని భట్టీ కాడికి పంపుతవా?"

ఆశన్నకు విసుగొచ్చింది. మల్లేశం మీదో, ఈ నౌకరీ మీదో ఆయనకే తెలియదు. గేటు వైపు చూశాడు. భట్టీ చుట్టూ ఊడ్చే కాంట్రాక్టు ఆడవాళ్లు వరుసలో నిలబడ్డారు. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు. వాళ్ల కోట్లు కాంట్రాక్టరే ఇవ్వాలి. 'ఉద్యా, ఉద్యా' అంటూ రెండేళ్లుగా రేపటికి తోస్తున్నాడు.

"నాకెందుకొచ్చిన లొల్లి," అని గొణుక్కుంటూ లోపలికి పోయాడు ఆశన్న. చాలాసేపు వెతికాడు. ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పడేసి, రిజిస్టర్లో 'మల్లేశం, పెద్ద సైజు' అని రాశాడు.

"సంతకం పెట్టు. మల్ల గీ కిటికీ కాడ కనవడితే చూడు!"

మల్లేశం సంతకం గీకి, పొట్లం విప్పకుండానే గేటు దగ్గరికి పరుగెత్తాడు.

వరుసలో నిలబడ్డ తన భార్య ఈరమ్మకు కొత్త కోటు తొడిగి, అలవాటుగా చేతులు మడవబోయాడు గానీ మడవడానికి ఏమీ మిగల్లేదు, ఆశన్న ఇచ్చింది సరిగ్గా ఈరమ్మ కొలత.