ఏడో నంబరు గిన్నె

బేకరీ ఆవిడ ఏడో నంబరు గిన్నె ముందు ఆగగానే, రెండో వరసలో కూర్చున్న కాటా తాతయ్యకి ముచ్చెమటలు పట్టాయి.

స్కూల్లో పోటీ. తాతయ్యలో, అమ్మమ్మలో, నానమ్మలో, ఎవరైనా సరే, మనవలతో కలిసి ఇంట్లో సులువుగా చేసిన తీపి వంటకం తీసుకురావాలి. జడ్జి ఎవరో ముందుగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన మోకాళ్ల నొప్పులని ముసుగు తన్ని పడుకునేవాడు. ఎందుకంటే ఆ గిన్నెలోని చాక్లెట్ పుడ్డింగ్ నిన్న సాయంత్రం సరిగ్గా ఈవిడ కొట్లోనే కొన్నాడు.

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్లు కాటాల కింద అతికించిన అయస్కాంతాలు పీకి, వ్యాపారస్తుల్ని గడగడలాడించిన మనిషి. కాటా అన్న పేరు అలా వచ్చిందే. అలాంటివాడు ఒక పిల్లల పోటీలో ఇంత పని చేశాడు.

ఇంట్లో చేసింది గడ్డలు కట్టింది మరి. మొక్కజొన్న పిండిని ముందు చల్లటి పాలలో కలుపుకోవాలని ఆయన గ్రాములతో సహా చెబుతూనే ఉన్నాడు. ఎనిమిదేళ్ల మనవరాలు పిచ్చుక, మరుగుతున్న పాలలో పిండంతా ఒక్కసారే గుమ్మరించేసింది. పైగా “గడ్డలుంటేనే బాగుంటుంది తాతయ్యా, నములుకోవచ్చు” అంది. పదిమందిలో నవ్వులపాలవుతామని ఆయనకి భయం పట్టుకుంది. పిల్ల ఆటలకి వెళ్లగానే ఆ గడ్డల పుడ్డింగ్‌ని ఒక డబ్బాలోకి తోసి ఫ్రిజ్ అడుగున దాచాడు. కొన్నది గిన్నెలో నింపి, పైన బిస్కెట్ల పొడి చల్లి, మూత పెట్టేశాడు. ఆ మూత మళ్లీ తీసి చూసే మొహం ఆయనకి లేకపోయింది.

ఇప్పుడు ఆ మూత బేకరీ ఆవిడ తీసింది. ఒక చెంచా తిన్నది. కళ్లు మూసుకుంది. రెండో చెంచా తిన్నది.

“ఎవరిదర్రా ఇది?”

“మాది! నేనూ తాతయ్యా చేశాం!” పిచ్చుక బెంచీ మీదికెక్కి నిలబడింది.

“పిండి ఎవరు కలిపారు?”

“నేనే!”

“మరి తాతయ్య ఏం చేశాడు?”

“కొలిచాడు. తర్వాత తిట్టాడు.”

హాలంతా గొల్లుమంది. కాటా తాతయ్య మాత్రం నవ్వలేకపోయాడు. అభం శుభం తెలియని పిల్ల అంత ధీమాగా చెబుతుంటే ఆయన తల మరీ వాలిపోయింది.

బేకరీ ఆవిడ చూపు ఆయన మీద పడింది. “మిమ్మల్ని ఎక్కడో చూశానండీ.”

“నన్నా? నేను ఇల్లు కదలనండీ.”

“నిన్న సాయంత్రం మా కొట్టుకి వచ్చింది మీరు కాదూ?”

“అదా... దారి అడగడానికి వచ్చానండీ.”

“పుట్టి పెరిగిన ఊళ్లో దారేమిటయ్యా!” అన్నాడు పక్క కుర్చీ పెద్దాయన. మళ్లీ నవ్వులు.

“ఏమో గానీ, ఇలాంటి పుడ్డింగ్ మాత్రం మా కొట్లో ఎంత వెతికినా దొరకదు!” అని బేకరీ ఆవిడ గట్టిగా నవ్వి, ఎర్ర రిబ్బను తీసి ఏడో నంబరు గిన్నెకే కట్టింది. “మొదటి బహుమతి!”

ఆ ఎత్తిపొడుపు ఆయనకి సూటిగా తగిలింది. ఈవిడకి తెలిసిపోయింది. పసిపిల్ల మొహం చూసి, నలుగురిలో పరువు తీయకుండా వదిలేస్తోంది. పట్టుబడిన ఏ వ్యాపారినీ తను అలా వదిలిన పాపాన పోలేదు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

పిచ్చుక అప్పటికే స్టేజీ ఎక్కేసింది. “తాతయ్యా, రా! ఫొటో తీస్తారంట!” అని చెయ్యి ఊపుతోంది. వేళ్ల సందుల్లో కోకో మరకలు ఇంకా పోలేదు. ఆ చేత్తో చేసింది పనికిరాదనుకున్నాడు తను. ఇక ఉండలేకపోయాడు. వెళ్లి మైకు అందుకున్నాడు.

“ఈ బహుమతి మాది కాదండీ. ఆ పుడ్డింగ్ ఈవిడ కొట్లో కొన్నదే. మా పిల్ల చేసింది బాగా రాలేదని నేనే మార్చేశాను. దానికేమీ తెలీదు. జీవితమంతా ఇంకొకళ్ల మోసాలు పట్టుకున్నాను, ఇవాళ నా మోసం నేనే చెప్పుకుంటున్నాను. క్షమించండి.”

వెనక వరసలో ఎవరో ‘ఛ’ అనడం ఆయనకి స్పష్టంగా వినిపించింది. రిబ్బను విప్పబోయాడు.

“ఆగండాగండి,” అంది బేకరీ ఆవిడ, అయోమయంగా ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంటూ. “మా కొట్లోదా, ఇదా? ఇన్ని గడ్డలున్నది నేను అమ్మితే జనం నా మొహాన కొట్టరూ? ఎవరో చిన్నపిల్ల తన చేత్తో కలిపిందని ఈ గడ్డలు చూసేగా బహుమతి ఇచ్చాను!”

కాటా తాతయ్య గిన్నెలోకి తొంగి చూశాడు. గడ్డలు. అవే గడ్డలు. ఇందాక ‘ఛ’ అన్నవాళ్లు ఇప్పుడేమంటున్నారో వినే ధైర్యం లేక పిచ్చుక వైపు తిరిగాడు.

పిచ్చుక తల దించుకుని, ఆయన చొక్కా అంచు పట్టుకుని, మైకు పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయి చెప్పింది.

“నేనూ మోసం చేశా తాతయ్యా... పొద్దున గిన్నెలోది తెగ బాగుందని మొత్తం తినేశా. నువ్వు తిడతావని, ఫ్రిజ్ అడుగున డబ్బాలో దొరికింది అందులో పోసేశా.”