బిందెలో మనిషి

ఇత్తడి బిందెని ఫొటో తీస్తే అందులో తీసినవాడి మొహం పడుతుంది. అది పడకుండా తీయడంలో తెనాలి మొత్తానికి ఏడుకొండలే మొనగాడు. బిందె చుట్టూ తెల్లగుడ్డ డేరా కట్టి, లైట్లు బయటినుంచి వేసి, చిన్న కంతలోంచి కెమెరా పెట్టేవాడు. నలభై ఏళ్లుగా అదే పని.

ఇప్పుడు ఫోన్లో కనిపించే అంగళ్ల బొమ్మలన్నీ ఏఐలే గీసేస్తున్నాయి. వస్తువు లేకపోయినా బొమ్మ తయారు.

బిందెలు చేసే వజ్రమ్మ స్టూడియోకి వచ్చి కుర్చీలో కూలబడింది. "అన్నా, నువ్వు తీసింది మరీ నున్నగా ఉందంట. అసలు బిందే లేదు, మిషను గీసిందంటన్నారు కొనేవోళ్లు. నెలైంది, ఒక్కళ్లూ అడగలా. ఇంక కొలిమి ఆర్పుకోవాల్సిందే."

ఏడుకొండలికి ఒళ్లు మండింది. "బిందే లేదంటారా!" అని డేరా పీకి అవతల పారేసి, ఆ కోపంలోనే ఫొటో కొట్టాడు. బిందె పొట్టలో కిటికీ, ఫ్యాను, చిరుగుల బనీనుతో తను. వజ్రమ్మ దాన్నే ఫోన్లో అమ్మకానికి పెట్టింది.

సాయంత్రం వజ్రమ్మ పరుగున వచ్చింది. "అరవై బిందెలడిగారన్నా! అందరిదీ ఒకటే మాట, లోపలున్నాయన ఎందుకంత చిరాగ్గా ఉన్నాడని."

మర్నాడు ఏడుకొండలు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. తల దువ్వుకుని, ఇంకో బిందె పెట్టి, నలభై ఏళ్లలో మొదటిసారి ఒక లైటుని తన మొహం మీదికి తిప్పుకున్నాడు.