పడవ వైపు ముడి

గెలిచిన పూటే తలుపులమ్మ ‘నూకరాజుపేట’ అని రాసున్న చెక్క బోర్డు పీకించింది.

గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, ఉత్త ఇసుక దిబ్బ మీద మొదటి పాక వేసినవాడు నూకరాజు. ఒకప్పుడు సొరల వేటగాడు. తర్వాత పేటకి ఎప్పుడూ ఆయనే ప్రెసిడెంటు.

ఆయన్ని ఓడించడానికే తలుపులమ్మ ఇంటింటికీ తిరిగి కాళ్లు పట్టుకుంది.

“అంటించెయ్యమంటావా వదినా?” అన్నాడు మరిది జానకిరామ్.

“ఆగు. ఆయన్ని కూడా చూడనీ.”

నూకరాజు భుజాన గోనెసంచితో వచ్చాడు.

“మీ నాన్న వేట తాడమ్మా. నా దగ్గరుండిపోయింది.”

తలుపులమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్లిద్దరే వేటకెళ్లారు. ఈటె దిగిన సొర, ఈటెకీ పడవకీ కట్టిన తాడు కాలికి చుట్టుకున్న ఆమె తండ్రిని నీళ్లలోకి ఈడ్చి, పడవనీ ముంచబోయింది. పడవతో తిరిగొచ్చింది నూకరాజు ఒక్కడే. తాడు కోసేశావా అని జనం అడిగితే తల వంచుకున్నాడు.

“పడవ అంచున కోసేశారు కదండీ ప్రెసిడెంటు గారూ. మిగిలింది జానెడు ముక్క. దానికింత సంచా?”

జానకిరామ్ నవ్వాడు.

“మీ అమ్మ మీ నాన్నకి దీపం పెట్టేది. నువ్వూ పెడుతున్నావా?” అన్నాడు నూకరాజు.

“పెట్టకేం? మా నాన్నేమైనా చేజేతులా ప్రాణం వదులుకున్నాడా? మీరు తీశారు.”

చేజేతులా ప్రాణం వదులుకున్నవాడికి ఆ పేటలో దీపం పెట్టనివ్వరు.

“అవునమ్మా. నేనే.”

“పొద్దుగూకేలోగా పేట దాటండి. మళ్లీ మీ మొహం కనబడకూడదు.”

ఆయన సంచి దించి రేవుకి నడిచాడు. పడవెక్కాక వెనక్కి తిరగలేదు.

బోర్డు అంటుకుంది.

తలుపులమ్మ సంచి మూతి విప్పి తాడు కొస పట్టుకుంది. కత్తితో ఏటవాలుగా తెగిన కొస. దాన్ని మంటలో పడేసి మిగతాది లాగింది.

తాడు వస్తూనే ఉంది. బారలకు బారలు.

“ఇదేంటి వదినా, తాడు మొత్తం ఉందిగా?”

చివరికి సంచి అడుగు నుంచి ముడి వచ్చింది. పడవ దూలానికి వేసే ముడి. చెక్కుచెదరలేదు. తాడు తెగింది పడవ వైపు కాదు, నీళ్లలో నాన్న వైపు.

మొలలో కత్తి లేకుండా నాన్న వేటకెళ్లేవాడు కాదని అమ్మ చెప్పేది.

రేవులో పడవ లేదు.

ఇంట్లో నాన్న దీపం వెలుగుతోంది. అది ఆరిపోకూడదని ఇన్నేళ్లూ హంతకుడనిపించుకున్నవాడిని పాయ దాటించింది తనే.