తాళి పడేదాకా

"పెండ్లోళ్లు వచ్చినారా?"

లోపలి గదిలోంచి మామ గిడ్డయ్య అడగడం అది నాలుగోసారి.

"ఇంకా లేదు మామా. వంక కాడనే ఉండారంట," అంది శోభ.

మూడు రోజులుగా ఒకటే ముసురు. ఎక్కడో సముద్రంలో పుట్టిన తుపాను దారి తప్పి కోసిగి పల్లెల మీదికి వచ్చి కూర్చుంది. వానాకాలమంతా చుక్క రాల్చని దేవుడు సరిగ్గా కూతురు వీణ పెళ్లినాడు కుండలతో గుమ్మరిస్తున్నాడని శోభకు కడుపు మండిపోతోంది. వానకంటే చలిగాలి మరీ అన్యాయం. షామియానా రాత్రే కూలింది. కరెంటు పోయింది. తడిసిన కట్టెలతో వంటవాళ్ల పొయ్యి పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. ఎమ్మిగనూరు నుంచి పెళ్లికొడుకు వాళ్లను తెస్తున్న బస్సు పొంగిన వంక అవతలే ఆగిపోయింది. వాళ్లను ట్రాక్టర్ మీద దాటించడానికి శోభ భర్త లక్ష్మీనారాయణ చీకటితోనే వెళ్లాడు.

పది నలభైకి ముహూర్తం. ఇప్పుడు తొమ్మిదిన్నర.

ఇవన్నీ ఒక ఎత్తు, మామ ఒక ఎత్తు.

నాలుగు రోజుల కింద చలి కొట్టి పడ్డాడు ముసలాయన. మందులిచ్చిన డాక్టరు పెదవి విరిచాడు. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా ఆ ఇంట తాళి కట్టరు. నిరుడు సరిగ్గా పెళ్లికి రెండు రోజుల ముందు శోభ బావగారు పోయాడు. వీణ పెళ్లి ఆగింది. పెళ్లికొడుకు హరికృష్ణ మంచివాడు, ఏడాది ఓపిక పట్టాడు. వాళ్ల పెద్దవాళ్లకు అంత ఓపిక లేదు. "ఈసారి గూడా ఆగితే వేరే పిల్లను చూసుకుంటాం," అని మొన్ననే మొహం మీద చెప్పారు. వీణ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. హరికృష్ణను తప్ప ఎవరినీ చేసుకోనని కూర్చుంది.

అందుకే శోభ పొద్దుటి నుంచీ మామ ఊపిరి మీదే చూపు పెట్టుకుని తిరుగుతోంది. గదిలోకి తొంగి చూడటం, కంబళి కదులుతోందా లేదా చూసుకోవడం, మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగెత్తడం. 'తాళి పడేదాకా ఉండు మామా, ఆ తర్వాత నీ ఇష్టం' అని మనసులో మొక్కుకుంది. అలా మొక్కుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ అదే మొక్కుకుంది.

గది మసకగా ఉంది. మూలన గోడకానుకుని, తలమీదుగా కొంగు కప్పుకుని అత్త హుసేనమ్మ కూర్చుని ఉంది. మామ తల ఆమె ఒడిలో. నాలుగు రాత్రులుగా ఆ ముసలామెది ఇదే వరస. ఈ చలిలో మొగుణ్ని ఒడి దించకుండా కాచుకున్న ఆమెను చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది.

శోభ రెండు గ్లాసుల టీ తెచ్చింది. మామ ఒకటి అందుకున్నాడు.

"మీ అత్తది ఆడ పెట్టుమ్మా. లేపాకు. రాత్రంతా మేలుకుండాది."

అరగంట తర్వాత చూస్తే ఆ టీ మీద మీగడ కట్టి అట్లే ఉంది. ఉరుకుంద ఈరన్న దేవునికి ఒక్కపొద్దు పట్టింది కాబోలు అనుకుంది శోభ. మొగుడి కోసం ఆమె పట్టని ఒక్కపొద్దు లేదు.

ఇంతలో పక్కింటి ఉచ్చీరప్ప ఆటో పిలిపించుకుని వచ్చాడు. కంబళి కింద మామ ఒళ్లు ఎగిరెగిరి పడుతోంది. పళ్లు బిగపట్టి మూలుగుతున్నాడు.

"ఇట్ల కాదు శోభమ్మా, ఆదోని ఆస్పత్రికి తోలుకపోదాం," అన్నాడు ఉచ్చీరప్ప, లోపలికి అడుగు వేస్తూ.

"ఆడనే నిలబడు!" మామ అరుపుకు గోడలు అదిరాయి. "నన్ను కదిలిచ్చినారంటే పెండ్లి నిల్చిపోతాది. పొండి బయటికి! తలుపెయ్యండి, గాలి కొడతాంది!"

ఉచ్చీరప్ప బిత్తరపోయి వెనక్కి తగ్గాడు. దారిలో ప్రాణం పోతుందని ముసలాయనకే తెలిసినట్టుందని శోభకు ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

పది దాటాక ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. గోనెపట్టాలు కప్పుకుని, మోకాళ్ల దాకా బురదతో పెళ్లికొడుకు దిగాడు. ఆ వేషం చూసి ఎవరికీ నవ్వడానికి కూడా తీరిక లేదు. పెళ్లిపీటలు వాకిట్లోంచి నడిమింట్లోకి మారాయి.

పీటల మీదికి పోయే ముందు వీణ దీవెన కోసం గది తలుపు దగ్గరికి వచ్చింది.

"గడప దాటొద్దమ్మా, చలిగాలి. ఆడనే వంగు," అంటూ మామ పడుకునే అక్షింతలు విసిరాడు. పిడికెడు ఒకసారి. ఇంకో పిడికెడు మరోసారి. "ఇవి మీ అవ్వవి. సల్లగుండు తల్లీ, పో, పొద్దు పోతాంది."

కంబళి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తాత ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి అని వీణ కూడా ఏడ్చింది. శోభ కూతుర్ని లాక్కుపోయింది.

పది నలభై. మేళగాళ్లు తడిసిన డోళ్లను చావబాదారు. అక్షింతలు లేచాయి. మూడో ముడి పడటం కళ్లారా చూసి శోభ గదిలోకి పరుగెత్తింది.

"మామా! పడింది! తాళి పడింది!"

మూలుగు ఆగింది. గిడ్డయ్య కంబళి తోసేసి, ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చున్నాడు.

"మూడు ముళ్లూ పడినాయా?"

"మూడూ మామా."

"అయితే ఇంగ ఏడ్సొచ్చు రామ్మా, మీ అత్త తెల్లారకముందే పోయినాది."