రెండో ఎత్తుకే రాణి

"ఈ ఆట ఈ పిల్ల సొంతంగా ఆడింది కాదు మేడమ్. గెలుపు రద్దు చెయ్యండి."

కోచ్ పద్మనాభయ్య గొంతుకు కల్యాణ మండపంలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. నెల్లూరులో జిల్లా చదరంగం పోటీల చివరి ఆట అప్పుడే ముగిసింది. ఆయన శిష్యుడు క్రాంతి కుమార్ ఓడిపోయాడు. గెలిచిన సుభాషిణి మైపాడు నుంచి వచ్చిన పదో తరగతి పిల్ల. రాష్ట్ర పోటీలకు వెళ్ళేది ఒక్కరే.

పోటీకి తీర్పరి అయిన ఆర్బిటర్ అబిగయీలు కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఎందుకంటున్నారా మాట?"

పద్మనాభయ్య తన ఫోను చూపించాడు. "ఆన్‌లైన్‌లో ఈమె ఖాతా ఇది. పేరు చూడండి, సుభాషిణి, మైపాడు. ఆటలన్నీ తిరగేసినాను. ఎప్పుడైనా ఒకటే ఓపెనింగ్. ఇంట్లో ఉండాల్సిన రాణిని రెండో ఎత్తుకే వీధిలోకి పంపుతుంది. అట్టాంటి పిల్లకి ఈపొద్దు ఇంత ఓర్పు యాడినించి వచ్చింది? ఎవరో చెప్పిచ్చినారు."

"ఫోను లోపలికి తెచ్చినావా పాపా?" అని అబిగయీలు సుభాషిణిని అడిగింది.

"లేదు మేడమ్. వరండాలో మా అవ్వకిచ్చి వచ్చినాను."

"అయితే ఆటను మొదటి నుంచి పెట్టి చూపించు. ఏ ఎత్తు ఎందుకు వేసినావో చెప్పు. చెప్పలేకపోతే గెలుపు ఉండదు."

సుభాషిణి అరచేతుల చెమట చున్నీకి తుడుచుకుని పావులు పేర్చింది. ఒక్కో ఎత్తు వేస్తూ చెప్పసాగింది.

"రాణి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపినాను. గుర్రాలు బయటికి తెచ్చి, రాజును కోటలో పెట్టుకున్నాను. రాణిని కదిలించలేదు. అయినా ఈ అన్న తన రాజు ముందర బంట్లు రెండు ముందుకు తోసేసినాడు."

"అందులో తప్పేముంది?"

"నా పావులేవీ ఆ పక్కకి రాలేదు మేడమ్. ఊరికే తలుపు తీసి పెట్టినట్టయింది. ఆ సందు చూసి, మూలగా నడిచే నా ఒంటెను అక్కడికి గురిపెట్టినాను."

అబిగయీలు ఒక పావు మీద వేలు పెట్టింది. "ఇక్కడ అతని గుర్రం ఊరికే వస్తా ఉంది. ఎందుకు వదిలేసినావు?"

"ఎర అది. దాన్ని చంపాలంటే నా ఒంటె పక్కకి పోవాల. ఒంటె కదలకుండా ఉంటేనే ఈ అన్న రాజుకి పారిపోయే దారి ఉండదు. రాణిని అప్పుడు పంపినాను, చిట్టచివర."

ఆమె రాణిని జరిపింది. నల్లరాజు చుట్టూ ఒక్క గడి కూడా మిగల్లేదు.

"బట్టీ పట్టించి ఉంటారు," అన్నాడు పద్మనాభయ్య.

"కాదు సార్," అన్నాడు క్రాంతి కుమార్ తల వంచుకుని. "రాణి వస్తుంది, ముందే బంట్లు తోసి దారి మూసెయ్యమని మీరే కదా చెప్పింది. నేను తోసినాను. అది రాలేదు. ఇంకా వస్తుందేమోనని చూస్తా కూర్చున్నా."

మండపంలో నవ్వులు లేచాయి. అబిగయీలు కూడా నవ్వు ఆపుకోలేక ఫలితాల కాగితం మీద సంతకం పెట్టింది.

"ఆట ఈ పాపదే. రాష్ట్ర పోటీలకు సుభాషిణి."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు చెయ్యి కలిపింది క్రాంతి కుమారే. అబిగయీలు అందించిన గెలుపు కప్పును సుభాషిణి రెండు చేతులా పైకెత్తింది.

పద్మనాభయ్య మాత్రం ఫోను వైపే చూస్తున్నాడు. "సరే, ఒప్పుకుంటా. ఆడింది నువ్వే. కానీ నువ్వు ఇక్కడుంటే, నీ ఖాతాలో ఇప్పుడు ఆట నడస్తా ఉందేంది?"

సుభాషిణి నాలుక కరుచుకుని గుమ్మం వైపు చూసింది. అవ్వ నాగులమ్మ ఖాళీ చేపల గంప చంకన పెట్టుకుని, మనవరాలి ఫోను మీంచి చూపు తిప్పకుండా లోపలికి వస్తోంది.

"మా తావున తెల్లారకముందే గంపెత్తుకుని వీధిలోకి పొయ్యేది ఆడోళ్ళే సారూ, అందుకే నేను ముందర రాణినే పంపిస్తా. కొంచెం జరగండి, అవతలోడు ఎత్తేసినాడు."